నీటికోట చిలుక

రత్నకూట నగరపు బురుజుల మీద పక్షి వాలి మూడేళ్ళు దాటింది.

ఒకప్పుడు కుముదావళి రాజ్యానికి ఆ నగరమే తిలకం. తెల్లవారితే చాలు, పాలరాతి మేడల కొసల మీద పావురాలు గుంపులు గుంపులుగా దిగేవి. రాజోద్యానంలో నెమళ్ళు పురివిప్పేవి. అంతఃపురం పక్కన గంధపు దూలాలతో కట్టిన శుకశాలలో రెండువందల చిలుకలు ఒక్కసారిగా మేలుకొలుపు పలికితే, నగరద్వారం దగ్గర కావలివాళ్ళు నవ్వుకుంటూ ఈటెలు భుజం మార్చుకునేవారు. ఇప్పుడా సందడి లేదు. ఉత్తరపు బురుజు మీద మహామంత్రి కరాళదత్తుడి హోమగుండం ఆరకుండా మండుతోంది. దాన్నుంచి లేచే ఆకుపచ్చని పొగ నగరం మీద తెరలా పరుచుకుంది. ఆ పొగ సోకిన మొదటి నెలలోనే పావురాలు గిరగిరా తిరుగుతూ రాలిపోయాయి. బతికినవి అడవుల దారి పట్టాయి.

యువరాజు ఇందుధరుడు శ్యామలా నదిలో పడవ మునిగి పోయాడన్న కబురు కూడా ఆ నెలలోనే వచ్చింది. కొడుకు మీద బెంగతో ముసలి రాజు మంచం పట్టి కన్నుమూశాడు. అప్పటినుంచి రాజ్యం కరాళదత్తుడి చేతిలో ఉంది. సింహాసనం మాత్రం ఇంకా చిక్కలేదు. రాజవంశపు సింహముద్రిక చూపనిదే ఎనిమిది దుర్గాల అధిపతులు ఎవరికీ తల వంచరు. ఆ ముద్రిక యువరాజుతో పాటు మాయమైంది.

శుకశాలకు పద్దెనిమిదేళ్ళు పెద్దగా పనిచేసిన కొమ్మసాని కొలువు పోయి గువ్వలవాడ చివర తన పెంకుటింటికి చేరింది. భర్త లేడు, పిల్లలు లేరు. ముత్తి అనే ముప్ఫై ఏళ్ళ ముసలి చిలుక ఒక్కటే ఆమెకు తోడు. పొగ సోకకుండా కిటికీలకు తడి గోనెలు కట్టి దాన్ని బతికించుకుంటోంది.

వైశాఖ శుద్ధ పంచమినాటి ఉదయం ఆ ఇంటి ముందు నల్లని పల్లకీ ఆగింది.

కరాళదత్తుడు దిగాడు. తాటిచెట్టంత మనిషి. కనురెప్పలకు ఒక్క వెంట్రుక లేదు. ఎర్రపట్టు కప్పిన ఇనుప పంజరం ఒకటి చేతిలో పట్టుకుని, తలవంచి గుమ్మం దాటాడు.

కొమ్మసాని లేచి నిలబడింది. "దండాలయ్యా. కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా."

"నువ్వు వచ్చే పని కాదు" అంటూ ఆయన పట్టుగుడ్డ లాగేశాడు.

లోపల ఒక గండు రామచిలుక ఉంది. రెక్కల మీద ఎర్రని మచ్చలు, మెడకు గులాబిరంగు కంఠి. కానీ రొమ్ము మీద ఒక్క ఈక లేదు. తన ఈకలు తానే పీక్కున్నట్టు చర్మం పుండ్లు పడి ఉంది. పంజరం మూలకు ఒదిగి, గోడకేసి ముఖం తిప్పుకుని కూర్చుంది.

"పొరుగు రాజు పంపిన కానుక ఇది. మాటలు వచ్చిన చిలుక. నా దగ్గరికి వచ్చాక మూగబోయింది. పౌర్ణమికి నా పట్టాభిషేకం. ఆలోపు నువ్వు దీన్ని పలికించాలి."

"ఏం పలికించమంటారయ్యా? స్తోత్రమా, స్వస్తివచనమా?"

"నువ్వేమీ నేర్పొద్దు. దానికి వచ్చిందేదో అది పలకాలి. పలికిన ప్రతి ముక్కా నాకు చేరాలి." కరాళదత్తుడు దూలం మీద కూర్చున్న ముత్తి వైపు చూశాడు. "ఒక్క ముక్క దాచావంటే ముందు ఆ ముసలిదాని మెడ విరుస్తాను. తర్వాత నీది."

పల్లకీ వెళ్ళిపోయింది. గుమ్మానికి ఇద్దరు భటులు కాపలా నిలిచారు. ఒకడు నెరిసిన మీసాల బాచన. పాత రాజు కాలంనుంచీ సైన్యంలో ఉన్నవాడు. రెండోవాడు మంత్రి కొత్తగా చేర్చుకున్న కుర్రభటుడు. కొమ్మసానికి గడప దాటే వీల్లేకుండా పోయింది.

ఆమె పంజరం దగ్గరికి వెంటనే వెళ్ళలేదు. దూరంగా పీట వాల్చుకుని, ఏటవాలుగా చూపు సారించింది. తోక ఈకల కొసలు నల్లగా కాలి ఉన్నాయి. కాళ్ళ మీద సూదులు గుచ్చిన మచ్చలున్నాయి. 'కానుకగా వచ్చిన పక్షికి తోక ఎందుకు కాలింది?' అనుకుంది.

పంజరాన్ని గోడవారగా, తన కళ్ళకంటే కాస్త ఎత్తులో పెట్టించింది. మూడు వైపులా గుడ్డ కప్పి ఒక వైపు వదిలింది. భయపడిన పిట్టకు వెనకనుంచి ఎవరూ రారన్న ధైర్యం కావాలి. పొయ్యి పెరట్లోకి మార్చింది. పొగ వాసన తగలగానే అది వణకడం ఆమె చూసింది. ఇనుప కమ్మీ తీసేసి వేపకొమ్మ అమర్చింది. నానబెట్టిన పెసలు, జామముక్క, పచ్చి మిరపకాయ, కొర్రకంకి చిప్పలో పెట్టి తన పని తాను చూసుకుంది.

మొదటి రోజు అది ముట్టలేదు. రెండో రోజు ఆమె అటువైపు వీపు పెట్టి కూర్చుని, బియ్యంలో రాళ్ళేరుతూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. మధ్యాహ్నానికి వెనకనుంచి మిరపకాయ కొరికిన చప్పుడు వినిపించింది. కొమ్మసాని తల తిప్పలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

"ఏమమ్మా, అది పలికేదెప్పుడు?" అని గుమ్మంలోంచి కుర్రభటుడు అరిచాడు.

"ముందు తిననీ నాయనా. తిన్నాక నిద్రపోనీ. ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయిందంటే మనల్ని నమ్మిందన్నమాట. పలుకు ఆ తర్వాత సంగతి."

"పౌర్ణమి మన కోసం ఆగదు."

"పిట్ట కూడా ఆగమంటే ఆగదు, పలకమంటే పలకదు" అంది కొమ్మసాని.

మూడో రోజు పళ్ళెంలో నీళ్ళు పెడితే దిగి రెక్కలు తడుపుకుంది. నాలుగో రోజు ఆమె వేళ్ళనుంచి దానిమ్మగింజ అందుకుంది. పగడంలాంటి ఆ ముక్కు చూసి ఆమె దానికి పగడం అని పేరు పెట్టింది. ఆరో రోజు ఉదయం పంజరం తలుపు తెరిచి, మణికట్టు దాని పొట్టకు ఆనించి, "ఎక్కు" అంది. పగడం ఒక కాలు పెట్టి, ఆలోచించి, రెండో కాలు పెట్టింది.

మెచ్చుకోలుగా కొమ్మసాని నాలుకను అంగిలికి తాటించి రెండుసార్లు టక్ టక్ మనిపించి, గింజ అందించబోయింది.

పగడం గింజ తీసుకోలేదు. తల వంచి, మెడ ఈకలు విప్పి, స్పష్టంగా పలికింది:

"కొమ్మమ్మా, నేను బతికే ఉన్నాను."

ఆమె చేతిలో గింజ నేల రాలింది.

ఆ గొంతు ఇందుధరుడిది. ఎనిమిదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు రోజూ శుకశాలకు పరుగెత్తుకొచ్చేవాడు. లోకమంతా ఈల వేసి చిలుకల్ని పలికిస్తుంది. కొమ్మసాని ఒక్కతే నాలుకతో రెండు తాటింపులు వేసేది. "ఈలకు ప్రతి పిట్టా తిరుగుతుంది బాబూ. ఇది మన పిట్టకే తెలిసిన గుర్తు" అని ఆ పిల్లవాడికి నేర్పింది. అమ్మమ్మను పిలిచినట్టు "కొమ్మమ్మా" అని పిలిచిందీ లోకంలో అతనొక్కడే.

చిలుక ఊరికే ఏదీ పట్టుకోదు. ఒక్క మాట రావాలంటే వందలసార్లు చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ గింజ ఇవ్వాలి. అంటే ఎక్కడో గోడల మధ్య కూర్చుని, తన ముద్దలోంచి మెతుకులు తీసి, ఆ బిడ్డ రోజుల తరబడి ఈ మాట నేర్పాడు. ఆ గుర్తు తెలిసినదాని చేతికి ఎప్పటికైనా ఈ పిట్ట చేరకపోతుందా అని నేర్పాడు.

కొమ్మసాని గుమ్మం వైపు చూసింది. కుర్రభటుడు గోడకు చేరగిలబడి కునుకుతున్నాడు. బాచన కనిపించలేదు. ఆమె పెరటి తలుపు దగ్గరికి జరిగి, ఊపిరంత మెల్లగా మళ్ళీ టక్ టక్ మనిపించింది.

"జలదుర్గం. పడమటి రేవు. ఏడో మెట్టు."

మళ్ళీ టక్ టక్.

"కాలికి గొలుసు. ఆకురాయి తే."

ఇంకోసారి వేసింది. పగడం మెడ సాచి "ము... ము..." అంటూ ఆగిపోయింది. నాలుగో మాట ఉంది. దానికి ఇంకేదో కావాలి. ఏం కావాలో కొమ్మసానికి అంతుపట్టలేదు.

ఆ సాయంత్రమే వీధిలో కేక వినబడింది. "కొర్రకంకులమ్మా, లేత కంకులు!"

గూనివంగిన ముసలివాడొకడు గంప నెత్తిన పెట్టుకుని గుమ్మం ముందు ఆగాడు. భటులు అడ్డగించలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. అప్పుడు పగడం ఆమె మణికట్టు మీద ఉంది. ముసలివాడు లోపలికి అడుగుపెట్టగానే దాని ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయాయి. కంటి నల్లగుడ్డు ఆవగింజంత అయింది. గోళ్ళు ఆమె చర్మంలో దిగి నెత్తురు చిమ్మింది.

కొమ్మసాని ముసలివాడి ముఖంలోకి చూసింది. గడ్డం ఉంది, ముడతలున్నాయి. కనురెప్పలకు మాత్రం వెంట్రుకలు లేవు.

"బాగానే కోలుకుందే తల్లీ నీ చిలుక" అన్నాడతను. "పలుకుతోందా?"

"ఎక్కడ తాతా! తినడం, రెట్ట వెయ్యడం తప్ప దీనికేమీ రాదు."

"అలాగా." అతను ఒంగి, పగడం ముఖంలో ముఖం పెట్టి, నాలుకతో టక్ టక్ మనిపించాడు.

అది తన గుర్తు. గోడ అవతల నిలబడి ఎంతసేపటినుంచి వింటున్నాడో! పగడం ముక్కు తెరిచింది. ముక్కులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వణుకుతున్న పిట్టకు పలుకు రాదు. ఆమె చేసిన ఆరు రోజుల వైద్యాన్నీ ఆ భయం తుడిచేసింది. ఆ భయమే దాన్ని కాపాడింది కూడా.

ముసలివాడు నవ్వాడు. గంపలోంచి ఒక కంకి తీసి పీట మీద పెట్టాడు. "ఇది పెట్టి చూడు. గొంతు విప్పుతుంది." గూని మరిచిపోయి నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

కొమ్మసాని ఆ కంకిని పగడానికి పెట్టలేదు. పొద్దున్నే మట్టిలో పాతిపెట్టాలని గుడ్డలో చుట్టి అటక మీద దాచింది. తెల్లవారాక పగడాన్ని మళ్ళీ మచ్చిక చేసుకోవడంలో పడి ఆ సంగతి మరిచింది. తప్పు అక్కడ జరిగింది. ఇంట్లో స్వేచ్ఛగా తిరిగే ముత్తి గుడ్డ ముడి విప్పింది.

ఏడోనాటి మధ్యాహ్నం దూలం మీదనుంచి ముసలి చిలుక మాట్లాడసాగింది. మొదట ఆమె నవ్వుకుంది. కాసేపటికి ఆ నవ్వు ఇంకిపోయింది. ముత్తి ఆగడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా విన్నదంతా దాని నోట్లోంచి తెగిన దండలోని పూసల్లా జారుతోంది. శుకశాల గంట. వాన చూరునుంచి కారే చప్పుడు. ఎప్పుడో పోయిన కొమ్మసాని భర్త గొంతు, "కొమ్మా, కాసిన్ని మంచినీళ్ళియ్యవే." ఆమె ఒక్క క్షణం నీళ్ళకుండ వైపు తిరిగింది కూడా.

"ముత్తీ! చాల్లేవే తల్లీ, ఆగు!" ఆమె దాన్ని చేతుల్లోకి తీసుకుంది. దాని ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నురగ కక్కుతూనే పలుకుతోంది. అలా పలుకుతూ పలుకుతూ, నిన్న చాటుగా విన్న మాటను కూడా గొంతెత్తి కక్కింది.

"కొమ్మమ్మా, నేను బతికే ఉన్నాను! జలదుర్గం! జలదుర్గం!"

ఆ కేకతో ముత్తి తల వాలిపోయింది.

గుమ్మంలో ఇద్దరు భటులూ లేచి నిలబడ్డారు. కుర్రభటుడి కళ్ళు మెరిశాయి. "విన్నావా బాచనా? ఎవరి గొంతది?"

బాచన ఈటె భుజం మార్చుకున్నాడు. "ముసలి పిట్ట గోల. ఏం వినాలి?"

"జలదుర్గం అంది. మంత్రిగారికి చెప్పాలి" అంటూ వాడు కోట వైపు పరుగు తీశాడు.

బాచన లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. కొమ్మసాని పగడాన్ని గుండెకు అదుముకుని వెనక్కి జరిగింది.

"నన్ను చూసి బెదరకు సానమ్మా. ఆ బిడ్డను మొదటిసారి గుర్రమెక్కించింది నేను. ఆ గొంతు నాకు తెలీదా?" అతను చచ్చిపడిన ముత్తి వైపు చూశాడు. "అది వాచాలమూలిక. పట్టుబడ్డ వేగులకు పెడతారు. కడుపులో ఉన్నదంతా కక్కించి చంపుతుంది. నీ చేత ఆ రామచిలుకకు పెట్టించాలని చూసుంటాడు. చెప్పు, దొర ఎక్కడున్నాడు?"

"జలదుర్గం పడమటి రేవు. ఏడో మెట్టు కింద."

"నాకు పడవ నడపడం వచ్చు. లే."

బాచన భటుడి దుస్తులు విప్పి కొమ్మసాని భర్త పాతపంచె కట్టుకున్నాడు. కత్తితో మీసాలు కోసి పొయ్యిలో వేశాడు. నెత్తిన చాటలు, తట్టలు దొంతరగా పేర్చుకున్నాడు. కొమ్మసాని ముత్తిని పెరట్లో మల్లెపొద కింద పాతిపెట్టడానికి రెండు నిమిషాలు తీసుకుంది. అంతకంటే ఏడవడానికి వ్యవధి లేదు. చిలుకల గోళ్ళు అరగదీసే ఆకురాయి నడుముకు దోపుకుంది. పగడాన్ని మెత్తని గుడ్డలో చుట్టి, రొమ్ము మీద పెట్టుకుని, పైట బిగించి కట్టుకుంది. తట్టలమ్ముకునే మొగుడూ పెళ్ళాల్లా ఇద్దరూ వీధిలోకి వచ్చారు.

నాలుగు వీధులు దాటేసరికి నగారా మోగింది. దండోరావాడు గుర్రం మీద అరుస్తున్నాడు. "చిలుకతో ఎవరు కనిపించినా పట్టుకోండి! చిలుకకు మాత్రం దెబ్బ తగలకూడదు! మంత్రిగారి ఆజ్ఞ!"

నదీద్వారం దగ్గర కావలి రెట్టింపయింది. ఒకడు బాచన నెత్తిమీది తట్టలను ఈటెతో పొడిచి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కొమ్మసాని పైటలోంచి కరకరమని చిన్న చప్పుడు వచ్చింది. వెచ్చగా, చీకటిగా, నమ్మినవాళ్ళ ఒంటికి ఆనుకుని ఉన్న చిలుక నిద్రపోయేముందు ముక్కు నూరుకుంటుంది. ఏడు రోజులుగా ఆమె కోరుకున్న చప్పుడు అదే.

"ఏందా శబ్దం?" కావలివాడు ఆమె వైపు తిరిగాడు.

కొమ్మసాని ఆ చప్పుడు వినగానే సిద్ధపడింది. కొంగున ముడివేసిన వక్క నోట్లో వేసుకుని పళ్ళ కింద నూరింది. నోరు బార్లా తెరిచి చూపించింది. "వక్క నాయనా. నాలుగు పళ్ళు ఊడినా ఈ పాడు అలవాటు వదల్లేదు. నీకూ కావాలా?"

"ఛీ, పో పో" అన్నాడతను.

రేవులో దొరికిన చిన్న పడవలో బాచన తెడ్డు వేశాడు. శ్యామలా నది పేరుకు తగ్గట్టే నల్లగా ఉంది. ఒడ్డున రెల్లు ఒక్క ఆకు కదలడం లేదు. పొద్దు వాలుతున్న వేళ, నది మెలిక తిరిగే చోట జలదుర్గం కనిపించింది. నాచు పట్టిన గోడలు నీళ్ళలోంచి నిలువునా లేచాయి. కూలిన బురుజుల సందుల్లో మేడిచెట్లు మొలిచి, వాటి వేళ్ళు గోడల మీద పాముల్లా పాకాయి. యువరాజు పడవ మునిగింది ఇక్కడే అని చెప్పుకోవడంతో మూడేళ్ళుగా జాలరులెవరూ ఈ వైపు రారు. తూర్పు ద్వారం దగ్గర మాత్రం రెండు పెద్ద పడవలు కట్టేసి ఉన్నాయి.

బాచన రెల్లు చాటుగా పడమటి రేవు చేరాడు. ఆరు మెట్లు పొడిగా ఉన్నాయి. ఏడోది నీళ్ళలో ఉంది. దాని కింద మనిషి పట్టేంత తూము నోరు తెరుచుకుని ఉంది. సగం మేర నీళ్ళు. ఇద్దరూ మోకాళ్ళ మీద లోపలికి పాకారు. కొమ్మసాని పైట విప్పి పగడాన్ని భుజం మీద పెట్టుకుంది. ఎనిమిది బారల దూరం పాకాక తూము ఒక రాతిగదిలో తేలింది.

పైన ఒకే ఒక్క గవాక్షం. దానిలోంచి పడే గీతంత వెలుగులో గోడకు ఆనుకుని ఒకడు కూర్చున్నాడు. జడలు కట్టిన జుట్టు, బొమికల గూడు. కాలికి గొలుసు. ఎదురుగా వెడల్పు మూతి గంజికుండ.

"బాబూ" అంది కొమ్మసాని. "నేను. కొమ్మమ్మను."

అతను తల ఎత్తాడు. ఆ కళ్ళు ఇందుధరుడివే. రెండు చేతులూ చాచి, నోరు తెరిచాడు. గొంతులోంచి మూలుగులాంటి చప్పుడు వచ్చింది. మాట రాలేదు.

బాచన ముందుకు వంగి ఆ నోట్లోకి చూసి, ముఖం తిప్పుకున్నాడు. "నాలుక కోసేశార్రా దేవుడా."

ఇక్కడికి వచ్చిపోయే పగడాన్ని పట్టుకున్న రోజున, ఇంకో పిట్టకు నేర్పకుండా మంత్రి చేయించిన పని అది. కుముదావళి యువరాజు గొంతు ఇప్పుడు ఈ లోకంలో ఒక్క చిలుక దగ్గరే మిగిలింది.

కొమ్మసాని ఏడుపును పళ్ళ మధ్య నొక్కిపట్టి ఆకురాయి తీసింది. మూడేళ్ళు తడిలో నానిన గొలుసు. బాగా తుప్పు పట్టిన లంకెను ఎంచుకుని బాచన అరగదీయసాగాడు. పగడం ఆమె భుజం మీదనుంచి ఎగిరి ఇందుధరుడి మోకాలి మీద వాలింది. అతను వేలితో దాని మెడ వెనక, కంఠి కింద, మెల్లగా గోకాడు. పగడం కళ్ళు అరమూసి గొంతు సవరించుకుంది.

"ముద్రిక... ముద్రిక ఉన్నది..."

నాలుగో మాటకు కావలసింది ఆ వేలు! కానీ అదే క్షణంలో గది పైకప్పు అవతల అడుగుల చప్పుడు వినిపించింది. కొమ్మసాని అరచేత్తో పగడాన్ని కప్పి గుడ్డలోకి లాక్కుంది. చుట్టూ చీకటి కమ్మగానే అది పలుకు ఆపింది.

కోట లోపలి మెట్ల మీదనుంచి తాపీగా ఒక గొంతు దిగివస్తోంది.

"కొమ్మసానీ, చిలుకను పలికించావు. మెచ్చుకున్నాను. యువరాజుకు నేను అన్యాయమేమీ చెయ్యలేదు. ముద్రిక ఎక్కడుందో చెప్పదలుచుకుంటే రాసిస్తాడని చేతులు ఉంచాను. రాయలేదు. ఇప్పుడా అవసరం లేదు. పిట్టను నాకిచ్చెయ్. మీ ముగ్గురినీ ఒకే గదిలో ఉంచుతాను."

ఎక్కడో ఇనుప చక్రాలు కిర్రుమన్నాయి. ఎగువన నీటి తలుపులెత్తారు. తూములోంచి నీళ్ళు బుసకొడుతూ గదిలోకి పొంగాయి. చూస్తుండగానే మోకాళ్ళు దాటాయి. తూము నోరు పూర్తిగా మునిగిపోయింది.

"చంపడానికి కాదు ఇది, దారి మూయడానికి" అన్నాడు బాచన, ఆకురాయి ఆపకుండా. "దొరా, కాలు బిగించండి!" రాయి పక్కన పడేసి కత్తి మొన లంకెలో దూర్చి మెలిపెట్టాడు. లంకె ఫట్‌మంది, కత్తి మొన కూడా విరిగింది.

"ఎనిమిది బారలు" అంది కొమ్మసాని. "ఊపిరి బిగబడితే మనం పోగలం."

"పిట్ట పోలేదు సానమ్మా. మునిగితే చస్తుంది. ఎగరెయ్."

ఆమె పైకి చూసింది. గవాక్షానికి కొత్తగా బిగించిన ఇనుప జల్లెడ. చిలుక కాదు కదా, పిచ్చుక కూడా దూరలేదు. మెట్ల మలుపులో కాగడా వెలుగు గోడ మీద పాకుతోంది. ఇందుధరుడు మాట్లాడలేక రెండు చేతులూ జోడించాడు. పిట్టను వదలొద్దని అడుగుతున్నాడో, పిట్టను వదిలి మీరు బతకమంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే వ్యవధి కూడా లేదు.

నీళ్ళ మీద గంజికుండ తేలుతూ వచ్చి ఆమె నడుముకు తగిలింది.

కొమ్మసాని దాన్ని అందుకుని, లోపలి గంజి ఒంపేసి, నిలువునా బోర్లించి పట్టుకుంది. కుండను సగందాకా నీళ్ళలోకి నొక్కింది. లోపల నీళ్ళు ఎక్కలేదు. గాలి నిలిచింది. ఆమె కుండను మళ్ళీ నీళ్ళ పైకెత్తి, గుడ్డ వదులు చేసి, ఎడమ మణికట్టు దాని కింద చాచి, అన్ని రోజుల్లాగే నెమ్మదిగా అంది:

"పగడం, ఎక్కు."

ఒక కాలు. ఆలోచన. రెండో కాలు. మణికట్టు మీద గోళ్ళు బిగిశాయి. ఆమె కుండను పిట్ట మీదుగా బోర్లించింది.

"బాచనా, నువ్వు ముందు. దొర నీ నడుం పట్టుకుంటాడు. నేను కుండ ఒరగకుండా మెల్లగా రావాలి. నా కోసం ఆగొద్దు."

"ఎంత మెల్లగా, సానమ్మా? అంత ఊపిరి నీకు నిలుస్తుందా?"

"తెలీదు నాయనా. పద."

ముందు బాచన మునిగాడు, అతని వెనకే ఇందుధరుడు. మెట్ల చివర కరాళదత్తుడు కాగడా ఎత్తి పట్టుకుని గదిలోకి తొంగిచూసేసరికి, నీళ్ళ మీద ఒక నెరిసిన తల, దాని పక్కన బోర్లించిన మట్టికుండ అడుగు కనిపించాయి. ఆమె అతని వైపు చూడలేదు. గుండెల నిండా గాలి పీల్చుకుని, కుండను కుడిచేత్తో నిటారుగా పట్టుకుని, తూము నోటి వైపు మునిగింది.